టెస్ట్ యాప్‌ని అసలు యాప్ మీద వేయొద్దు, పక్కన వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను అనంతపురం చీనీకాయల మార్కెట్లో ఒక మండీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా ఆరేళ్ల నుంచి పని చేస్తున్నా. రైతుకి పట్టీ (సరుకు అమ్మినాక ఇచ్చే లెక్క కాగితం) కొట్టడం, కాటా తూకాలు ఎక్కించడం, ఏ లారీలో ఎన్ని టన్నులు పోయిందో రాసుకోవడం, సాయంత్రం కమీషన్, హమాలీ లెక్క తేల్చడం, ఇదే పని. పోయిన వారం మీ పేపర్లో కంప్యూటర్ల గురించి రాసే చోట, ఏ సాఫ్ట్‌వేర్‌కైనా కొత్త వెర్షన్ వస్తే లేట్ చేయకుండా వేసుకోండి అని రాశారు. విండోస్‌కి, బ్రౌజర్‌కి వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్ల వరకు అది నిజమే, అవి వేసుకోవాల్సిందే. కానీ మాలాంటి చోట్ల వాడే బిల్లింగ్ యాప్‌ల సంగతి వేరే. ఇక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇంకా సగం తయారైన వెర్షన్‌ని కూడా తెచ్చి మా కంప్యూటర్లోనే వేసి చూడమంటారు, అది పోయి రోజూ పని చేసే అసలు యాప్ మీదే కూర్చుంటుంది. దాని వల్ల మా మండీలో ఏం జరిగిందో రాస్తున్నా. కొంచెం పొడుగైనా దయచేసి పూర్తిగా వేయండి, ఈ ఇబ్బంది ఒక్క మాకే కాదు, మందుల షాపులు, ఎరువుల షాపులు, ధర్మవరం చీరల అంగళ్లు, బిల్లింగ్ యాప్ పెట్టుకున్న అందరికీ వచ్చేదే.

మాకు యాప్ చేసి ఇచ్చింది వేరే ఊర్లో ఉన్న ఒక చిన్న కంపెనీ. పేరు రాయను, వాళ్లు చెడ్డోళ్లు కాదు, ఫోన్ చేస్తే ఎత్తుతారు. పట్టీ తెలుగులో రావాలని మా సావుకారు రెండేళ్ల నుంచి అడుగుతా ఉంటే చివరికి చేశారు, ఒక రోజు సాయంత్రం మార్కెట్ అయిపోయినాక వాళ్ల అబ్బాయి వచ్చి పెన్ డ్రైవ్ పెట్టి "మేడమ్ ఇది డెవలప్‌మెంట్ వెర్షన్, ఊరికే కొట్టి చూసి తప్పులుంటే చెప్పండి, మీ పాతది అట్లనే ఉంటుంది" అన్నాడు. నేను నమ్మినా. అతను కూడా నమ్మే చెప్పినాడు, అబద్ధం చెప్పాలని కాదు. రెండు నిమిషాల్లో ఇన్‌స్టాల్ అయిపోయింది, ఏమీ అడగలేదు, డెస్క్‌టాప్ మీద కొత్త ఐకాన్ ఏదీ రాలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు. ఐకాన్ నొక్కితే తెరుచుకుంది, మా రైతుల పేర్లన్నీ అందులోనే కనపడ్డాయి, సరే కాపీ పెట్టినట్టున్నారు అనుకుని, టెస్ట్ 1, టెస్ట్ 2 అని పేర్లు పెట్టి టన్ను ఒక రూపాయి లెక్కన పది పట్టీలు కొట్టినా. తెలుగులో బాగా వచ్చినాయి, సంతోషంగా ఇంటికి పోయినా.

మరుసటి రోజు పొద్దున నేను వచ్చేలోపే సావుకారు కొడుకు కంప్యూటర్ ఆన్ చేసి పని మొదలుపెట్టేసినాడు. ఐకాన్ అదే కదా, ఆ పిల్లోడికి తేడా ఎట్లా తెలుస్తుంది? ఆ రోజు నిజం పట్టీలు నా పది దొంగ పట్టీల తర్వాత నంబర్ నుంచి మొదలయ్యాయి. సగం తయారైన వెర్షన్ కాబట్టి సూట్, అంటే తూకంలోంచి తరుగు కింద తీసే లెక్క అందులో ఇంకా సరిగ్గా పెట్టలేదంట, కొందరికి తీసింది, కొందరికి తీయలేదు. తొమ్మిది గంటలప్పుడు ఒక రైతు పట్టీ పట్టుకుని వచ్చి "ఏం పాపా, కాటా మీద ఒక తూకం, కాగితంలో ఇంకో తూకం, యాల ఇట్లయింది?" అని అడిగినాడు. అప్పుడు బయటపడింది.

వెంటనే పాత వెర్షన్ పెట్టుకుందాం అని పాత సెటప్ ఫైలు వెతికి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అది తెరుచుకోలేదు. డేటాబేస్ కొత్త వెర్షన్‌ది, తెరవలేను అంటుంది. అంటే టెస్ట్ వెర్షన్ రాత్రి మొదటిసారి తెరుచుకున్నప్పుడే మా అసలు డేటాని తనకి కావాల్సిన కొత్త పద్ధతిలోకి మార్చేసింది, ఒక్క మాట కూడా అడగకుండా. ముందుకి పోదామంటే లెక్క తప్పు, వెనక్కి పోదామంటే తలుపు మూసుకుంది. మా దగ్గరున్న బ్యాకప్ మూడు రోజుల కిందటిది. ఇంక కాటా చీటీలు ముందేసుకుని, చేత్తో నలభై ఒక్క పట్టీ రాసినాం. నార్పల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మధ్యాహ్నం రెండింటి దాకా అట్లనే అరుగు మీద కూర్చున్నాడు, పట్టీ చేతికి వస్తే గానీ డబ్బులు రావు, డబ్బులు వస్తే గానీ ఆటో వాడికి ఇయ్యలేడు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ అయింది.

ఆ రాత్రి మా చిన్నాన్న కొడుక్కి ఫోన్ చేసినా, బెంగళూరులో డెస్క్‌టాప్ యాప్‌లు చేసే కంపెనీలో ఉంటాడు. వాడు చెప్పిన మొదటి మాట ఏందంటే "అక్కా, నువ్వు చేసింది తప్పు కాదు, వాళ్లు రెండు వెర్షన్లకీ ఒకే గుర్తింపు పెట్టినారు" అని. అది నాకు అప్పటిదాకా తెలీదు. మనం అనుకుంటాం సెటప్ ఫైలు పేరు మారిస్తే వేరే యాప్ అయిపోతుందని, కానీ విండోస్‌లో ఇన్‌స్టాలర్ ఫైలు పేరు చూడదు, లోపల రాసిన ఐడీ చూస్తుంది. చిన్న కంపెనీలు ఎక్కువగా వాడే ఇన్నో సెటప్ అనే సాధనంలో దాన్ని యాప్ ఐడీ అంటారు, విండోస్ సొంత ఇన్‌స్టాలర్ పద్ధతి ఎంఎస్ఐలో అయితే అప్‌గ్రేడ్ కోడ్ అని ఉంటుంది. ఆ ఐడీ ఒకటే అయితే "ఓహో ఇది పాతదానికే కొత్త వెర్షన్" అనుకుని అదే ఫోల్డర్లో, అదే ఫైళ్ల మీద రాసేస్తుంది. ఇన్నో సెటప్‌లో ఐడీ ఏమీ ఇవ్వకపోతే యాప్ పేరునే ఐడీగా తీసుకుంటుందంట, కాబట్టి పేరు మార్చని టెస్ట్ వెర్షన్ అసలుదాని మీద పడడం ఖాయం. మ్యాక్‌లో కూడా ఇట్లాంటిదే ఉంది, దాన్ని బండిల్ ఐడెంటిఫయర్ అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్ యాప్‌లు చేసేవాళ్లకైతే టెస్ట్ వెర్షన్ ఐడీ చివర డాట్ డీబగ్ అని తగిలించడానికి ఒక్క లైన్ రాస్తే చాలంట, రెండూ ఫోన్లో పక్కపక్కన ఉంటాయి. ఫోన్లో ఒక లైన్‌తో అయ్యేది డెస్క్‌టాప్‌లో ఎందుకు చేయరో నాకు అర్థం కాలేదు.

కానీ వాడు చెప్పిన రెండో సంగతి ఇంకా ముఖ్యం. ప్రోగ్రామ్ ఒక చోట ఉంటుంది, దాని డేటా ఇంకో చోట ఉంటుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో వేరే వేరే ఫోల్డర్లలో వేసినంత మాత్రాన సరిపోదు. ఇప్పుడు చాలామంది ఎలక్ట్రాన్ అనే దాంతో యాప్‌లు చేస్తున్నారు కదా, మా యాప్ కూడా అదే, అందులో యాప్ ప్రత్యేకంగా చెప్పకపోతే డేటా పోయి విండోస్‌లో యాప్‌డేటా లోపల రోమింగ్ అనే ఫోల్డర్లో యాప్ పేరుతో ఉన్న ఫోల్డర్లో కూర్చుంటుంది. పేరు ఒకటే కాబట్టి టెస్ట్ వెర్షనూ, అసలు వెర్షనూ రెండూ ఆ ఒక్క ఫోల్డర్నే తెరుస్తాయి. మా రైతుల పేర్లు టెస్ట్‌లో కనపడింది అందుకే, అది కాపీ కాదు, అసలు డేటానే. నేను దొంగ పట్టీలు కొట్టింది అసలు ఖాతాలో. ఇది తెలిసినప్పుడు నాకు చేతులు వణికినాయి, ఎందుకంటే ఆ రోజు నేను "పాతవి అన్నీ డిలీట్ అవుతాయా" అని ఆ బటన్ కూడా నొక్కి చూద్దాం అనుకుని, ఆలస్యమైంది కదా అని నొక్కకుండా వదిలేసినా.

అయినా ఇది పెద్ద కంపెనీలకి ఎప్పుడో తెలిసిన పనే. గూగుల్ క్రోమ్‌కి కానరీ అని ఒక వెర్షన్ ఉంది, రోజూ మారుతూ ఉండే పచ్చి వెర్షన్, దాని ఐకాన్ పసుపు రంగులో ఉంటుంది, మామూలు క్రోమ్ పక్కనే వేసుకోవచ్చు, ఒకదాని బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఇంకోదానిలోకి పోవు. ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడే వీఎస్ కోడ్ నీలం రంగు, దాని టెస్ట్ వెర్షన్ ఇన్‌సైడర్స్ ఆకుపచ్చ రంగు, సెట్టింగుల ఫోల్డర్లు కూడా వేరు. ఫైర్‌ఫాక్స్ అయితే 2019 మే నెలలో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఒక్కో ఇన్‌స్టాలేషన్‌కి ఒక్కో ప్రొఫైల్ (మన సెట్టింగులు, బుక్‌మార్కులు ఉండే ఫోల్డర్) ఇస్తుంది, ఇంకా కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్‌ని పాత వెర్షన్‌తో తెరవబోతే ముందే ఆపి హెచ్చరిస్తుంది. మాకు జరిగింది సరిగ్గా ఇదే కదా! కాకపోతే మా యాప్ డేటాని మార్చేసినాక చెప్పింది, అది మార్చకముందు చెప్పాల్సింది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లతో ఇదంతా మాట్లాడితే మొదట వాళ్లు ఒప్పుకోలేదు. "మేడమ్, టెస్టింగ్‌కి వేరే కంప్యూటర్ పెట్టుకోండి" అన్నారు. పెద్ద ఆఫీసుల్లో అది కుదురుతుంది, నిజమే. మా మండీలో ఉన్నది ఒకటే కంప్యూటర్, 4 జీబీ ర్యామ్, దానికే ప్రింటర్, దానికే కాటా కనెక్షన్. ఇంకో కంప్యూటర్ తెస్తే దానికి కాటా యాడ నుంచి తెస్తారు? వర్చువల్ మెషిన్, అంటే కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్, పెట్టుకోండి అన్నారు, ఆ ర్యామ్‌కి అది నడవదు. విండోస్ శాండ్‌బాక్స్ అని యాప్‌ని విడిగా వేసి చూసుకునేది ఒకటుంది, అది విండోస్ హోమ్‌లో రాదు, మాది హోమ్. కాబట్టి మాలాంటి వాళ్లకి ఒకే కంప్యూటర్లో రెండూ పక్కపక్కన ఉండడం తప్ప వేరే దారి లేదు. అనంతపురం, కర్నూలు, కడప అంగళ్లలో ఎక్కువ చోట్ల పరిస్థితి ఇంతే, ఒక్క కంప్యూటర్ మీదే వ్యాపారం, దాని మీదే టెస్టింగ్.

చివరికి ఒప్పుకున్నారు. మా చిన్నాన్న కొడుకు కాన్ఫరెన్స్ కాల్‌లో కూర్చుని వాళ్లకి చెప్పినాడు. ఐడీ మార్చాలి, యాప్ పేరు మార్చాలి, డేటా ఫోల్డర్ వేరే చేయాలి, అది కూడా యాప్ మొదలవకముందే ఆ ఫోల్డర్ సెట్ చేయాలి, మొదలైనాక మారిస్తే కొన్ని ఫైళ్లు పాత చోటే పడిపోతాయి. ఒక్కసారి ఒక్కటే విండో తెరుచుకోవాలని పెట్టే తాళం కూడా వేరు కావాలి, లేకపోతే అసలు యాప్ తెరిచి ఉన్నప్పుడు టెస్ట్ ఐకాన్ నొక్కితే టెస్ట్ రాదు, అసలుదే ముందుకొస్తుంది, నువ్వు టెస్ట్ అనుకుని అసలుదాంట్లో కొడతా ఉంటావు. ఇది విన్నప్పుడు నాకు భయమేసింది. లోపల సర్వర్ ఏదైనా నడుస్తుంటే దాని పోర్ట్ నంబర్ (దానితో మాట్లాడే దారికి ఉండే నంబర్) కూడా వేరే ఉండాలి, రెండూ ఒకే పోర్ట్ అడిగితే రెండోది మొదలవదు. ఆటో అప్‌డేట్ వేరే చోట చూసుకోవాలి, లేకపోతే టెస్ట్ వెర్షన్ తనంతట తనే అసలు వెర్షన్‌గా అప్‌డేట్ అయిపోతుంది, లేదా అంతకంటే ఘోరం, అసలుది టెస్ట్‌గా మారిపోతుంది.

మా దగ్గర ఇంకో సమస్య వచ్చింది, బెంగళూరోడికి కూడా అది ముందు తట్టలేదు. కాటా నుంచి తూకం కాం పోర్ట్ ద్వారా, అంటే కంప్యూటర్‌కి కాటా వైరు కలిసే చోటు నుంచి వస్తుంది. విండోస్‌లో ఒక కాం పోర్ట్‌ని ఒకే ప్రోగ్రామ్ పట్టుకోగలదు. టెస్ట్ వెర్షన్ మూసేయడం మర్చిపోతే అది పోర్ట్ పట్టుకుని కూర్చుంటుంది, పొద్దున అసలు వెర్షన్‌కి తూకం రాదు, కాటా చెడిపోయింది అనుకుని మెకానిక్‌ని పిలుస్తాం. ఇది మాకు రెండు సార్లు జరిగింది. ఇప్పుడు టెస్ట్ వెర్షన్‌లో కాటా బదులు ఉత్తుత్తి తూకం ఇచ్చే బటన్ పెట్టారు, కావాలంటేనే నిజం కాటా తీసుకుంటుంది, పని అయిన వెంటనే వదిలేస్తుంది. ప్రింటర్‌కి కూడా అంతే, టెస్ట్ నుంచి వచ్చే ప్రతి కాగితం మీద అడ్డంగా పెద్ద అక్షరాలతో "నమూనా" అని పడుతుంది. ఎందుకంటే మార్కెట్లో కాగితం కాగితమే, ఒకసారి రైతు చేతికి పోయిందంటే అది పట్టీనే.

రంగు గురించి కూడా రాయాలి, చిన్న సంగతి అనుకోవద్దు. ఇప్పుడు మా అసలు యాప్ ఐకాన్ ఆకుపచ్చ, టెస్ట్ ఐకాన్ నారింజ రంగు. అంతటితో ఆగకుండా టెస్ట్ యాప్ లోపల పైన అడ్డపట్టీ మొత్తం నారింజ రంగులో ఉంటుంది, దాని మీద తెలుగులో "ఇది టెస్ట్" అని ఉంటుంది. ఐకాన్ ఒక్కటే మార్చి లోపల ఒకే రకంగా ఉంచితే లాభం లేదు, ఒకసారి తెరిచినాక ఐకాన్ ఎవరూ చూడరు. సావుకారు కొడుక్కి ఎవరూ ఏమీ చెప్పకుండానే ఇప్పుడు తేడా తెలిసిపోతుంది.

టెస్ట్‌లో వాడే డేటా గురించి ఒక మాట. మా వాళ్లు మొదట అసలు డేటాబేస్ కాపీ చేసి టెస్ట్‌లో పెడతాం అన్నారు. నేను వద్దన్నా. అందులో రైతుల బ్యాంక్ ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి, పెన్ డ్రైవ్‌లో ఊర్లు తిరగాల్సినవి కావు అవి. ఉత్తుత్తి పేర్లు చాలు టెస్ట్‌కి. ఒకవేళ కాపీ చేయాల్సే వస్తే యాప్ పూర్తిగా మూసి చేయాలి. మా యాప్ ఎస్‌క్యూలైట్ అనే, డేటాని ఫైల్లో దాచే డేటాబేస్ వాడుతుంది, అది నడుస్తున్నప్పుడు కొన్ని కొత్త ఎంట్రీలు అసలు ఫైల్లో కాకుండా పక్కన వాల్ అనే ఇంకో ఫైల్లో ఉండొచ్చు, ఒక్క ఫైలే కాపీ చేస్తే చివరి పట్టీలు రాకపోవచ్చు. ఎస్‌క్యూలైట్ ఫైల్లోనే యూజర్ వెర్షన్ అని ఒక నంబర్ రాసుకునే చోటు ఉందంట. యాప్ తెరుచుకునేటప్పుడు ఆ నంబర్ చూసి, ఇది పాత డేటా, మార్చాలంటే ముందు బ్యాకప్ తీస్తా, సరేనా అని అడిగి మారిస్తే మాకు ఆ రోజు ఆ గోల ఉండేదే కాదు.

మీ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇంకా ఇవి చేయకపోతే అప్పటిదాకా ఏం చేయాలి అని మా పక్క మండీ ఆపరేటర్ అక్క అడిగింది. నాకు తెలిసిన ఒక దారి ఉంది, పూర్తి దారి కాదు. కంప్యూటర్లో ఇంకో విండోస్ యూజర్‌ని చేసుకుని, దానికి టెస్ట్ అని పేరు పెట్టి, టెస్ట్ వెర్షన్‌ని ఆ యూజర్‌లో తన వరకే ఇన్‌స్టాల్ చేయాలి. యాప్ తన డేటాని యూజర్ ఫోల్డర్లో పెట్టుకునేదైతే రెండూ కలవవు. కానీ కొన్ని యాప్‌లు డేటాని అందరికీ కలిపి ఉండే ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్లో గానీ, నేరుగా సీ డ్రైవ్‌లో ఫోల్డర్ చేసుకుని గానీ పెడతాయి, అట్లాంటి వాటికి ఈ పద్ధతి పనికిరాదు, కాబట్టి ముందు డేటా యాడ ఉందో కనుక్కోండి. టెస్ట్ అయిపోయినాక అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కూడా జాగ్రత్త, డేటా ఫోల్డర్ ఒకటే అయితే కొన్ని అన్‌ఇన్‌స్టాలర్లు పోతూ పోతూ దాన్ని కూడా తుడిచేస్తాయి. ఏది చేసినా ముందు రోజు బ్యాకప్ పెన్ డ్రైవ్‌లో ఉండాలి, ఆ పెన్ డ్రైవ్ తీసి బీరువాలో పెట్టాలి.

ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీల్లో, డిగ్రీ కాలేజీల్లో చెప్పే సార్లకి కూడా ఈ ఉత్తరం ద్వారా ఒకటి అడుగుతున్నా. నేను కంప్యూటర్స్‌తోనే డిగ్రీ చేసినా, ప్రాజెక్ట్ కూడా చేసినా, ఇంకొకరి కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేయడం గురించి మాకు ఒక్క క్లాసు కూడా చెప్పలేదు. ప్రాజెక్ట్ ల్యాబ్‌లో నడిస్తే అయిపోయింది. ఈ ఏడాది ప్రాజెక్టులు చూసేటప్పుడు, మీ యాప్‌కి రెండు వెర్షన్లు ఒకే సిస్టమ్‌లో వేసి, రెండూ ఒకేసారి తెరిచి చూపించు అని పిల్లల్ని ఒక్కసారి అడగండి. రేపు మాలాంటి మండీలకి యాప్‌లు చేసేది ఆ పిల్లలే.

మండీల వాళ్లు, షాపుల వాళ్లు కూడా ఊరికే తల ఊపకండి. ఎవరైనా పెన్ డ్రైవ్ తెచ్చి కొత్త వెర్షన్ చూడండి అంటే, ఇది నా పాతదాని పక్కన కూర్చుంటుందా, మీద కూర్చుంటుందా అని అడగండి, దీని డేటా యాడ ఉంటుంది అని అడగండి, ఇన్‌స్టాల్ అయినాక డెస్క్‌టాప్ మీద రెండు ఐకాన్లు కనపడకపోతే దాన్ని తెరవకండి, తెచ్చినాయనకి ఫోన్ చేయండి.

మీ కంప్యూటర్ పేజీలో ఈ సంగతి మీద ఒక వ్యాసం రాయించండి సార్, వచ్చే సీజన్ మొదలయ్యేలోపు వస్తే ఇక్కడ చాలామందికి పనికొస్తుంది. ఫోటో కావాలంటే పచ్చ, నారింజ ఐకాన్లు పక్కపక్కన ఉన్న మా స్క్రీన్‌ది తీసి పంపిస్తా, రైతుల వివరాలు కనపడకుండా.

ఇట్లు,
మీ పాఠకురాలు,
చీనీ మండీ కంప్యూటర్ ఆపరేటర్,
అనంతపురం